అడుక్కొచ్చిన గౌను

ఆ గౌను విప్పేటప్పుడే అంజినమ్మకు అనుమానం రావాల్సింది. రాలేదు. చేతిలో దారం ఉంటే అత్తకు ఇల్లు కాలిపోతున్నా తెలీదని కోడలు మేఘ ఊరికే అనదు.

బళ్లారి బ్రూస్‌పేట సందులో ఇంటి ముందరి అరుగు మీద కాళ్లు చాపుకుని కూచుని, పసుపురంగు గౌను అంచులో దారం కొస ఎక్కడుందో గోటితో వెతుకుతోంది అంజినమ్మ. చీరల కొంగులకు కుచ్చులు వేసి బతికే మనిషి. క్రోషా సూది ఎప్పుడూ కొప్పులోనే గుచ్చి ఉంటుంది. పూలు పెట్టుకోవడం మరిచిపోతుందేమో గాని సూది మాత్రం మరవదు. చివరికి కొస దొరికింది. ఒక ముడి కాదు, ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి.

“ఎవురో కొత్త చెయ్యి మే ఇది. ఊడిపోతాదేమో అని ఎంత బయపడినాదో సూడు,” అంది నవ్వుతూ.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మేఘ తలెత్తింది. “అంత బాగుండే గౌను ఇప్పాల్నా అత్తా? సుమ్నే, ఇప్పకుండా అట్లే ఏస్తే కాదా?”

“యాడ పడ్తాది? ఏడాదిన్నర బిడ్డది. మన తిప్పక్కకు చెయ్యి గూడ దూరదు. ఇప్పి పెద్దగా అల్తా. శుక్రారం దుర్గమ్మ గుడికి పొయ్యేటప్పుడు నీ కూతురు రాణి మాదిరి ఉండాల.”

“శుక్రారం దాకా కొత్త బట్ట పడకూడదంటివి గదా?”

“కొత్తది యాడుండాది ఇందులో? దారం అడుక్కొచ్చింది. అల్లేది మాత్రం నేను. అడుక్కున్న దారంతో అల్లితే అది అడుక్కున్నదే అవుతాది. దుర్గమ్మకు ఆ మాత్రం తెలీదా ఏంది?”

దుర్గమ్మనే బురిడీ కొట్టించబోతున్న అత్తను చూసి మేఘ కడుపు పట్టుకుని నవ్వింది.

నవ్వింది గాని ఆ నియమం ఎంత గట్టిదో ఇద్దరికీ తెలుసు. మేఘకు ముందు ఇద్దరు పుట్టి దక్కలేదు. ఈ బిడ్డ పుట్టగానే అంజినమ్మే చేటలో పెట్టుకుపోయి, పెంటతిప్ప మీద ఒకసారి దొర్లించి, తిప్పక్క అని పేరు పెట్టి తెచ్చింది. ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకుని చావు దాని జోలికి రాకూడదు, అదీ లెక్క. యశస్విని అని ఇంకో పేరుంది గాని, దాన్ని ఇంతవరకు ఎవరూ నోటితో పలకలేదు. మూడేళ్లు నిండి దుర్గమ్మకు తలవెంట్రుకలు ఇచ్చేదాకా, అంటే ఈ శుక్రవారం దాకా, ఒంటి మీద కొత్త బట్ట పడకూడదు. అడుక్కొచ్చినవే వేయాలి. అదైనా ఏ ఇంట్లో పడితే ఆ ఇంట్లో కాదు, పిల్లలు బతికి బట్టకట్టిన ఇంట్లోనే చెయ్యి చాపాలి. గుడికి పోయేది కూడా ఆ బట్టల్లోనే. అందుకే తిప్పక్క పుట్టినప్పటి నుంచి ఎవరెవరివో చొక్కాల్లో, ఎవరివో రంగు వెలిసిన లంగాల్లో తిరుగుతోంది. మేఘ తన ఫోన్లో కూతురి ఫొటో ఒక్కటైనా ఎవరికీ చూపించేది కాదు.

పోయిన శనివారం కప్పగల్లులో నారప రెడ్డి ఇంటికి చీరలు ఇవ్వడానికి అంజినమ్మ తనే పోయింది. మామూలుగా అయితే వాళ్ల లారీ డ్రైవరు వచ్చి తీసుకుపోతాడు. ఆ రోజు రాలేదు. చీరలు చూసుకున్నాక నారప పెళ్లాం ఓబులమ్మ తానే అడిగింది, “మీ పాప ఇంకా అడుక్కున్న బట్టలే ఏస్తాండాదా అంజినీ?” అని. లోపలికి పోయి ఈ గౌను తెచ్చింది. మా మనవరాలికి పొట్టయిపోయింది, తీసుకుపో అంది. చేతికి ఇవ్వలేదు. అరుగు మీద పెట్టి, దూరం జరిగింది. వాళ్లు మనకు ఇచ్చే తీరే అంత కదా అనుకుని అంజినమ్మ వంగి తీసుకుంది. మొహమంతా నవ్వు చేసుకుని దండం కూడా పెట్టింది.

పొట్టయిపోయిన గౌనుకు మెడ సాగలేదు. చంకల్లో రంగు వెలవలేదు. ఎదమీద మూడు బాతుబొమ్మల గుండీలు, వాటి కాజాలు ఇంకా బిగుతుగానే ఉన్నాయి. ఉన్నోళ్ల పిల్లలు ఒకసారి వేసి పక్కన పారేస్తారు మరి, అనుకుంది అంజినమ్మ.

విప్పిన దారం ఉంగరాలు తిరిగిపోయింది. దాన్ని కుర్చీ వీపుకు చుట్టి తీసి, నీళ్లలో ముంచి, కింద ఒక తాళంకప్ప వేలాడగట్టి దండెం మీద ఆరేసింది. తెల్లారేసరికి సాపుగా వచ్చింది. దాన్ని ఉండ చుట్టుకుని అల్లడానికి కూచుంది ఇక. కుచ్చుల పని మొత్తం మూలకు పోయింది. ముందు మెడ చుట్టుకు గొలుసుకుట్టు అల్లి, ఆడుకుంటున్న తిప్పక్కను పిలిచి తల దూర్చి చూసింది. వరస వరసకూ పిల్లను పట్టుకొచ్చి వీపుకు ఆనించి చూడటం, అది కితకితలని పారిపోవడం, మళ్లీ పట్టుకురావడం. చేతులు రెండూ విడిగా అల్లి, నడుం కిందికి వచ్చేసరికి దారం చాలేలా వదులు వదులుగా పోగులు పెంచుకుంటూ గవ్వల అల్లిక ఎత్తుకుంది. కుచ్చిళ్లు గొడుగులా విచ్చుకుంటూ వచ్చాయి. మోకాళ్ల దాకా వచ్చాక పసుపు దారం అయిపోయింది. చీరల్లో మిగిలిన ఎర్ర పోగులు డబ్బాలో బోలెడు ఉన్నాయి, వాటిని వాడుకుంటే అడిగేవాళ్లు లేరు. అయినా అంజినమ్మ లేచి, ఆ చీరల వాళ్ల ఇళ్లకు పోయి, “మీ దారం నాకు బిచ్చమెయ్యండమ్మా” అని కొంగు పట్టి మరీ అడిగి వచ్చింది. సందంతా నవ్వారు. నవ్వితే నవ్వనీ. నియమం అంటే నియమం.

ఎర్ర అంచు వేసి, బాతు గుండీలు మళ్లీ కుట్టి, మంగళవారం పొద్దుగూకేవేళకు గౌను తొడిగింది. తిప్పక్క కిందికి చూసుకుంది. గుండీలు ఒక్కొక్కటే నొక్కి చూసుకుంది. తర్వాత గిర్రున ఒక చుట్టు తిరిగింది. కుచ్చిళ్లు లేచాయి. ఇంకేముంది, పడుకోబోయేదాకా తిరుగుతూనే ఉంది. విప్పబోతే ఏడ్చి గోల చేసి, దాంతోనే నిద్రపోయింది. మేఘ ఫోను తీసి ఫొటోలే ఫొటోలు. సండూరు దిక్కున టిప్పరు తోలే మొగుడికి పంపింది, అనంతపురంలో పుట్టింటికి పంపింది.

“నీ చెయ్యి బంగారమత్తా,” అంది. మేఘ నోటినుంచి అలాంటి మాట రావడం తక్కువ. అంజినమ్మకు ఆ పూట అన్నం కూడా ఎక్కువ పోయింది.

మరుసటి రోజు మధ్యాహ్నం దురుగమ్మ వచ్చింది. పేరు అమ్మవారిదే, వరసకు అంజినమ్మకు వదిన అవుతుంది. కప్పగల్లులో ఓబులమ్మ వాళ్ల గొడ్లచావిట్లో పని. బీపీ మాత్రల కోసం బళ్లారి వచ్చినప్పుడల్లా ఇక్కడ ఒక చెంబు నీళ్లు తాగి పోవడం అలవాటు.

“నా గౌను సూడు,” అంటూ తిప్పక్క వచ్చి ముందర నిలబడింది.

“అబ్బ, ఏం గౌనమ్మా, యాడ తెచ్చినావు...” అంటూ దురుగమ్మ దగ్గరికి తీసుకుంది. గుండీల మీద చెయ్యి పడింది. చెయ్యి అక్కడే ఆగింది. “ఈ బాతులు యాడివి వొదినా?”

“మీ ఓబులమ్మక్క ఇచ్చినాది. ఇది ఇంతే ఉన్నింది, నేనే ఇప్పి పెద్దగా అల్లినా. వాళ్ల మనవరాలికి పొట్టయిపోయిందంట గదా.”

“ఏ మనవరాలికి?”

“ఏ మనవరాలేంది? వాళ్ల కొడుకు విక్రమ్ కూతురు.”

దురుగమ్మ చెంబు కింద పెట్టింది. “ఆ పాప యాడుండాది వొదినా? పోయినేడు వానల్లో డెంగీ వచ్చి బెంగుళూరు ఆస్పత్రిలో సచ్చిపాయ గదా. నీకు తెలీదా?”

అంజినమ్మకు మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. మాట అర్థమైంది గాని, అది ఈ గౌను గురించి అని అర్థం కావడానికి ఇంకాసేపు పట్టింది.

“అక్కడే అన్నీ ముగించి వచ్చినారు. బయట ఎవురికీ చెప్పొద్దన్నాడు రెడ్డి,” దురుగమ్మ గొంతు తగ్గించింది. “ఈ గౌను హిమజమ్మ అల్లినాది, ఆ పాప తల్లి. ఫోన్లో సూసి సూసి నేర్చుకున్నింది. ఆస్పత్రిలో బిడ్డ పక్కన కూచోని గూడ అల్తానే ఉన్నిందంట, ఇంటికొస్తానే ఏస్తామని. ఒక్క పొద్దు గూడ ఏసుకోలేదు తల్లీ ఆ పాప.”

అంజినమ్మకు ఆ దారం కొస గుర్తొచ్చింది. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. వాటిని గోటితో విప్పింది తనే. నవ్వుకుంటూ విప్పింది. ఎదురుగా తిప్పక్క మళ్లీ గిర్రున తిరుగుతోంది, పసుపు గౌను గొడుగులా లేస్తోంది. చూడలేకపోయింది. చూపు తిప్పుకుంటే గడపలో మేఘ నిలబడి ఉంది. అంతా విన్నది.

మేఘ గడప దిగింది. వచ్చి బిడ్డను పట్టుకుని, గుండీలు విప్పకుండానే గౌను తల మీదుగా లాగేసింది. బిడ్డ చెవి నలిగి కేరుమంది. చంకనేసుకుపోయి కొళాయి దగ్గర నిలబెట్టి చెంబు మీద చెంబు పోసింది. “నా గౌను, నా గౌను,” అని ఏడుస్తూనే ఉంది తిప్పక్క. పక్కింట్లో అడిగి ఒక పాత చొక్కా తెచ్చి వేసింది. నుదురు పట్టి చూసింది, కడుపు పట్టి చూసింది. మళ్లీ నుదురు.

“ఎచ్చగుండాదా?” అని అడగబోయి అంజినమ్మ అడగలేకపోయింది.

“నీ చేత్తో అల్లి ఏస్తివి గదా అత్తా,” అంది మేఘ.

అంతే అంది. పొయ్యి దగ్గర అగ్గిపెట్టె తీసుకుని, నేలమీది గౌనును కాలితో పెరట్లోకి తోసుకుంటూ పోయింది. అంజినమ్మ అడ్డం పడి గౌను లాక్కుంది.

“కాలిస్తే ఆయమ్మకు ఏం తెలుస్తాది? ఇచ్చినోళ్ల మొకాన కొట్టి వస్తా. ఆమె ఇంట్లో పారేసి వస్తా.”

“నేనూ వస్తా. నా కండ్ల ముందర ఇయ్యాల. ఇంక నిన్ను నమ్మను.”

ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

పొద్దున ఆటోలో ఇద్దరి మధ్యా తిప్పక్క కూచుంది. గౌనున్న ప్లాస్టిక్ కవరు ఎవరి ఒళ్లోనూ లేదు, కాళ్ల దగ్గర ఉంది. ఆటో ఎగిరినప్పుడల్లా అది చెప్పుల కిందికి జారుతోంది. రెండుసార్లు జారేదాకా ఓర్చుకుని, మూడోసారికి అంజినమ్మ దాన్ని తీసి చంకలో పెట్టుకుంది. ఎంతైనా తను అల్లింది. మేఘ మొహం పక్కకు తిప్పుకుంది.

ఓబులమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోయించి, తాళ్లమంచం మీద కూచుని కాకులను అదిలిస్తోంది.

“ఏం అంజినీ, పొద్దున్నే? గౌను సరిపోయిందా?”

అంజినమ్మ చంకలోని కవరును ఇంకా గట్టిగా నొక్కి పట్టుకుంది. దారంతా కూడబెట్టుకొచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు లేవు.

“సచ్చిన బిడ్డ బట్ట నా బిడ్డకు ఇస్తివా ఓబులమ్మక్కా? ఇద్దరు పోయి మిగిలిన బిడ్డ. ఏమేమి జేసి కాపాడుకుంటాండామో నీకు తెలుసు. తెలిసి తెలిసి ఇస్తివే!”

“మెల్లగ మాట్లాడు. లోపల కోడలు ఉండాది.”

“ఉండనీ! వినాల!”

ఓబులమ్మ లేచి దగ్గరికి వచ్చింది. బుకాయిస్తుందనుకుంది అంజినమ్మ. కానీ ఆమె బుకాయించలేదు, అదే ఇంకా దారుణం. “నన్నేం జేయమంటావు? కోడలు మళ్లా కడుపుతో ఉండాది. పోయిన బిడ్డ బట్ట ఇంట్లో ఉంటే ఈ బిడ్డను గూడ పిలుస్తాదంట. కాలిస్తే గూడ పోదు, అడుక్కునేవాళ్లకు ఇచ్చెయ్, వాళ్లెంబడే పోతాదన్నాడు మా గుళ్లో అయ్యోరు. మీరు ఎట్లాగూ అడుక్కుంటాండారు. నీకు ఇంకా పది చీరలు తెచ్చిస్తా, మంచి పాత చీరలు...”

అంజినమ్మ ఓబులమ్మ మొహంలోకి చూసింది. ఇంత నింపాదిగా చెబుతుందేంది ఈమె? ఎండిన మిరపకాయలు పక్కింటికి రెండు దోసిళ్లు పంపినట్టు చెబుతోంది.

“మా యెంబడి రావల్నా?” అంది మేఘ. ఆమె గొంతు అంజినమ్మ ఎప్పుడూ విననంత సన్నగా ఉంది. “మా బిడ్డ యెంబడి?”

లోపలి గడపలో చప్పుడైంది. హిమజ బయటికి వచ్చింది. నైటీ మీద తువ్వాలు, నలిగిన జుట్టు, కడుపు బాగానే కనపడుతోంది. ఆమె ఎవరి మొహమూ చూడలేదు. అంజినమ్మ చంకలోని కవరు నోరు తెరుచుకుని, పసుపు బయటికి కనపడుతోంది. దాన్నే చూస్తూ మెట్లు దిగింది.

చెయ్యి చాపింది. అంజినమ్మ ఇవ్వకుండా ఉండలేకపోయింది.

హిమజ గౌనును భుజాల దగ్గర పట్టుకుని ముందుకు ఎత్తి పట్టింది. ఎర్ర అంచు ఆమె మోకాళ్ల దాకా వేలాడింది. గుండీల మీద వేలు పెట్టింది.

“కాల్చినామంటివి గదా అత్తా,” అంది. ఓబులమ్మ కాకిని అదిలించడానికి అటు తిరిగింది. హిమజ మళ్లీ గౌనునే చూసింది, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. “ఇది... ఇంత పెద్దగెట్లయింది?”

“నేనే ఇప్పి అల్లినాను తల్లీ. నాకు తెలీదు. నీ చేతి పని అని తెలీదు,” అంది అంజినమ్మ. తిట్టడానికి వచ్చిన మనిషి క్షమాపణ చెబుతోంది, అది తనకే వింతగా ఉంది.

“ఉండుంటే ఇంతే ఉండేది,” అంది హిమజ. ఏడవలేదు. ఎత్తు కొలుచుకుంటున్నట్టు గౌనును కొంచెం కిందికి దించి పట్టుకుంది, ఎర్ర అంచు కింద చిన్న పాదాలు నేలమీద నిలబడేంత దాకా.

“అది నాది,” అంది తిప్పక్క మేఘ కొంగు వెనకనుంచి.

హిమజ ఉలిక్కిపడి చూసింది. మోకాళ్ల కిందికి జారిన మగపిల్లాడి చొక్కా, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. ఆమె మెల్లగా కూచుంది, పిల్ల మొహానికి తన మొహం సమంగా.

“ఏసుకున్నావా దీన్ని?”

“ఊఁ. గిర్రున తిరుగుతాది.”

హిమజ మేఘను చూసింది. “ఎన్నాళ్లు ఏసుకున్నింది అక్కా?”

ఆ ఇంటి కోడలు మేఘను అక్కా అనడం అందరికీ వినపడింది. మేఘ పళ్లు కొరికి పట్టుకునే చెప్పింది. “మొన్న పొద్దుగూకి ఏస్తిమి. నిన్న మద్యానం దాకా. పండుకునేటప్పుడు గూడ ఇప్పనియ్యలేదు.”

“జొరం గిరం వచ్చిందా?”

“లేదు.”

“ఏమీ కాలేదా? బరాబర్ సూసినావా?”

“రాత్రంతా దాని నుదురు పట్టుకునే కూచోనుంటి. ఏమీ కాలేదు.” మేఘ ఆ మాట అని, అన్నాక తానే ఆగిపోయింది. నిన్నటినుంచి అంత భయంలో ఆ మాట తనకు తాను చెప్పుకోనేలేదు. కూతుర్ని ఒకసారి చూసుకుంది. తిప్పక్క ముక్కు చీదుకుంటూ, వాకిట్లో ఒక మిరపకాయను కాలితో దొర్లిస్తోంది.

హిమజ లేచింది. గౌనును మడిచి మేఘ చేతిలో పెట్టింది. ఆమె ఏం చేస్తోందో ఎవరికీ అర్థం కాలేదు. భుజం మీది తువ్వాలు తీసి రెండు కొసలూ పట్టుకుని, మేఘ ముందు చాపింది.

“నాకు బిచ్చమెయ్యి అక్కా,” అంది. “నీ బిడ్డ ఏసుకున్నింది, నవ్వుతా తిరిగింది. ఆ బట్ట నా బిడ్డకు కావాల.”

“ఏందే ఇది!” ఓబులమ్మ అరిచింది. “వాళ్ల దగ్గర చెయ్యి చాపుతావా? వాకిట్లో, నలుగురూ సూస్తా ఉంటే? లోపలికి పా!”

హిమజ కదల్లేదు. చాపిన తువ్వాలు దించలేదు.

అంజినమ్మ కోడలి వైపు చూసింది. మేఘ ఏం చేస్తుందో ఆమెకూ తెలీదు. దీన్ని విసిరికొట్టడానికే ఇంతదూరం వచ్చింది మేఘ. విసిరికొట్టినా తప్పు లేదు. నిన్న అగ్గిపెట్టె పట్టుకున్న చేతులే అవి. ఆ చేతుల్లో గౌను చాలాసేపు ఉండిపోయింది.

మేఘ వంగి గౌనును కూతురి చేతిలో పెట్టింది. “అక్కకు ఇయ్యమ్మా.”

“నాది!”

“నీదే. ఆ కడుపులో పాప ఉండాది. దానికి బట్టల్లేవంట. అడుగుతాండాది.”

తిప్పక్క హిమజ కడుపును అనుమానంగా చూసింది. గౌనును ఒకసారి ఎదకు అదుముకుంది. తర్వాత బాతులను లోపలికి మడిచి, తువ్వాల్లో పెట్టి, “తిరగమని చెప్పు,” అంది.

హిమజ అప్పుడు ఏడ్చింది. ఓబులమ్మ మంచం మీద కూలబడింది. మిరపకాయల మీద కాకి వాలితే అదిలించేవాళ్లు లేరు.

అంజినమ్మకు ఏదో ఒకటి చేయకపోతే అక్కడ నిలబడలేననిపించింది. కొప్పులోంచి సూది తీసింది.

“పుట్టే బిడ్డకు ఇది శానా పెద్దది తల్లీ. ఇట్లియ్యి. ఇప్పి చిన్నదిగా అల్లిస్తా. రెండు పొద్దుల పని.”

హిమజ తువ్వాలు మూట కట్టి గుండెకు అదుముకుంది.

“వద్దమ్మా,” అంది. “దాన్ని ఇప్పొద్దు. నా బిడ్డనే దానంత కానీ.”

అంజినమ్మ సూదిని మళ్లీ కొప్పులో గుచ్చుకుంది. మేఘ కూతుర్ని చంకకెత్తుకుని, ఇంకో చేత్తో అత్త చెయ్యి పట్టుకుంది. రేపు గుడికి బిడ్డకు ఏం తొడగాలో, అందుకు ఎవరి ఇంటి ముందు నిలబడి అడగాలో మాట్లాడుకుంటూ ముగ్గురూ ఆటో కోసం రోడ్డు మీదికి నడిచారు.